మా తమ్ముడికి లాయరు దొరికాక

ఇంట్లో మనిషికి గుండెనొప్పి వస్తే ఏ డాక్టరు మంచివాడో చెప్పడానికి వీధంతా ముందుకొస్తుంది. ఇంట్లో మనిషి జైల్లో ఉంటే ఏ లాయరు మంచివాడని అడగడానికే నోరు రాదు. అడిగితే ఎందుకంటారు. అప్పుడు చెప్పాలి, నా తమ్ముడి మీద హత్య కేసు ఉందని. హిందూపురంలో నేను జాకెట్లు కుట్టుకు బతికే వీధిలో ఆ మాట ఎవరి ముందు అనను?

మా పుట్టిల్లు పెనుకొండ పక్కన పల్లె. తమ్ముడు గొర్రెలు కాస్తాడు. ఒకరోజు అవి పక్క రైతు చెనిక్కాయ చేలో పడ్డాయి. ఆ రైతుకూ మావాడికీ పొద్దున్నే పెద్ద గలాటా అయింది. ఇద్దరి నోళ్ళూ ఊరవతలికి వినిపించాయి. మధ్యాహ్నానికి ఆ రైతు మోటారు షెడ్డు దగ్గర తల పగిలి, తెలివి తప్పి పడి ఉన్నాడు. ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. చూడకపోతేనేం, మావాడే కొట్టాడని అందరికీ తెలిసిపోయింది. ఇంట్లో మాకు కూడా తెలిసిపోయింది. ఖర్మ అంటే అదే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇలాంటివి జరిగితే స్టేషను దాకా పోనివ్వకుండా పెద్దమనుషులు కూర్చుంటారు. చేసినవాడు అందరి ముందు తప్పు ఒప్పుకోవాలి. వాడి తండ్రి భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి, మన్నించమని అడగాలి. ఆసుపత్రి ఖర్చు పెట్టుకోవాలి. దాంతో కథ ముగుస్తుంది. ఎవరు చేశారు, ఎట్లా చేశారు అని అక్కడ ఎవరూ తవ్వరు. తవ్వితే పగలు పెరుగుతాయంటారు.

ఆ రైతు ఇంకా ఆసుపత్రిలో ప్రాణాలతో ఉండగానే బడి ముందర అందరూ కూర్చున్నారు. కబురందుకుని నేను కూడా హిందూపురం నుంచి వెళ్ళాను. నాయన తమ్ముణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి నిలబెట్టాడు.

"నాయనా, నేను..." అన్నాడు తమ్ముడు.

"గమ్మునుండు! పెద్దోళ్ళ ముందర ఎదురు మాట్లాడతావా? నేనే కొట్టినానని ఒక్క మాట అను. కేసు లేకుండా పోతాది."

వాడు తల వంచుకున్నాడు. తర్వాత, "నేనే కొట్టినా. మన్నించండి" అన్నాడు. నాయన తువ్వాలు పరిచాడు. అమ్మయ్య, గండం గడిచింది అనుకుని నేను సాయంత్రం బస్సుకి హిందూపురం వచ్చేశాను.

ఆ రైతు బతకలేదు. ఆసుపత్రిలోనే పోయాడు. మర్నాడు పోలీసులు వచ్చి తమ్ముణ్ణి తీసుకుపోయారు.

"మనకు లాయరుండాడు కదమ్మా, భయమేంటికి?" అన్నాడు నాయన. ఆయన చెప్పేది పెనుకొండలో మా తాత కాలం నుంచి మా పొలం తగాదాలు చూసే ముసలాయన సంగతి. ఒకసారి లాయరును పట్టుకుంటే ఇక మార్చడం మా ఇంట్లో లేదు. వెళ్ళాం. ఆయన మంచినీళ్ళిప్పించి, అంతా విని, తల అడ్డంగా ఊపాడు.

"గట్ల తగాదాలు, భాగాలు అయితే నాకు తెలుసు పెద్దాయనా. ఖూనీ కేసులు నేను పట్టను. పిల్లోడి బతుకు పాడు చేసినవాణ్ణవుతా."

"మా నాయన కాలం నుంచి మీరే కదా సామీ" అన్నాడు నాయన, ఇంటి మనిషే మొహం చాటేసినట్టు. బయటికి వచ్చాక కోర్టు ముందున్న టీ బంకు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. టీ తెప్పిస్తే తాగలేదు.

తర్వాత హిందూపురం. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ, తన మరిదిని విడిపించిన పెద్ద లాయరని ఎప్పుడో మాటల్లో చెప్పి ఉంటే, అది గుర్తొచ్చి పోయాం. పెద్ద బోర్డు, చల్లటి గది. ఆయన ఫోన్లో ఎవరితోనో కన్నడంలో నవ్వుతూ మాట్లాడుతూనే మాకు కుర్చీలు చూపించాడు. ఫోను పెట్టేశాక, "బెయిలు తెప్పిద్దాం, ఏం ఫరవాలేదు" అన్నాడు. నా తమ్ముడి పేరడగలేదు. ఏ స్టేషనో అడగలేదు. ఫీజు మాత్రం అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "పేరు తెలీకుండానే విడిపిస్తారా సార్?" అనేసి బయటికొచ్చాను.

"కాళ్ళు పట్టుకోవాల్సిన కాడ కోపం చేస్తావా?" అని నాయన మెట్ల మీదే నన్ను తిట్టాడు.

"పట్టుకునే కాళ్ళయినా మనవైపు తిరిగి ఉండాల కదా!" అన్నాను.

చివరికి పెనుకొండ ముసలాయనే ఫోను చేసి ధర్మవరంలో ఒకరి పేరు చెప్పాడు. పట్టుచీరల కొట్టు మీద ఇరుకు గది. నడివయసు మనిషి. టేబుల్ మీద కట్టలు కట్టలుగా కేసు కాగితాలు. మమ్మల్ని కూర్చోబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, మొట్టమొదట ఒకే మాట అడిగాడు.

"పిల్లోడు కొట్టినాడా?"

నాయన నా వంక చూశాడు. నేను నాయన వంక చూశాను.

"అదేంటికి సామీ ఇప్పుడు? ఊర్లో ఒప్పుకునేసినాడు కదా" అన్నాడు నాయన. అని ఊరుకున్నాడా! బడి ముందర కూర్చోవడం, తమ్ముడు అన్న మాట, తువ్వాలు పరచడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గొప్పగానే చెప్పాడు. "తప్పు దాచుకునే వంశం కాదు సామీ మాది. ఊరంతా విన్నారు. కావాలంటే పెద్దమనుషుల్ని పిల్చుకుని వస్తా."

లాయరు రాస్తున్న పెన్ను కింద పెట్టేశాడు. "ఊరంతా విన్నారా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు వివరించాడు. పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో అది చెల్లదట. ఊళ్ళోవాళ్ళ ముందు తనంతట తాను ఒప్పుకున్న మాటను మాత్రం కోర్టులో వాడుకోవచ్చట. విన్న పెద్దమనుషులే సాక్షులవుతారట.

"పోలీసోళ్ళు కొట్టి చెప్పిస్తారని చెల్లదంటారు. మరి నేను చెప్పిస్తే చెల్లుతాదా సామీ?" అన్నాడు నాయన.

లాయరు తలెత్తాడు. "మీరు చెప్పించినారా?"

నాయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. లాయరు నా వైపు తిరిగి మళ్ళీ అడిగాడు, కొట్టినాడా అని. తెలీదు సార్ అన్నాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. రెండు ఊళ్ళు తిరిగి మూడో ఊరికి వచ్చాం లాయరు కోసం. మావాణ్ణి ఆ ఒక్క మాట అడిగినవాళ్ళు ఇంట్లో లేరు.

ఆయన కేసు తీసుకున్నాడు. వకాల్తా కాగితం మీద తమ్ముడి సంతకానికి తనే జైలుకి వెళ్ళి వాడితో మాట్లాడాడు. తిరిగొచ్చి మమ్మల్ని పిలిపించాడు. "కొట్టలేదంటాడమ్మా. గలాటా అయినాక గొర్రెల్ని గుట్ట అవతలికి తోలుకుపోయినానంటాడు. నేను నమ్ముతాండా. కానీ మీ పెద్దమనుషులు అప్పుడే పోలీసులకి చెప్పేసినారు."

వాళ్ళను తిట్టడానికి కూడా లేదు. విన్నదే చెప్పారు పాపం. ఇందులో అబద్ధమాడినవాడు మా తమ్ముడొక్కడే. అది కూడా మేము ఆడమంటే.

బెయిలు పిటిషను కొట్టేశారు. ఆ కబురు చెప్పడానికి నాయనా నేనూ ములాఖత్‌కి వెళ్ళాం. ఇనుప జాలీ అవతల తమ్ముడు చిక్కిపోయి ఉన్నాడు. గొర్రెలకు నీళ్ళు ఎవరు పెడుతున్నారని అడిగాడు. నాయన రెండు చేతులతో జాలీ పట్టుకున్నాడు.

"నువ్వు కొట్టలేదని ఆ పొద్దే చెప్పకూడదేంరా?"

తమ్ముడికి కోపం లేదు. కోపమన్నా చేసి ఉంటే బాగుండేది.

"చెప్పబోతే గమ్మునుండు అంటివి కదా నాయనా."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. విచారణ మొదలైతే నాయన బోనెక్కి, తనే బలవంతాన చెప్పించానని జడ్జి ముందు చెప్పాలని లాయరు అప్పటికే అన్నాడు. నాయన దానికి సిద్ధమే. ఊళ్ళో పరువు పోయినా సరే అన్నాడు. ఇప్పుడు నా వైపు తిరిగాడు.

"నేనిప్పుడు పోయి నిజం చెప్తే, కొడుకు కోసం అబద్ధం చెప్తాండాడని అనరా అమ్మా?"

"అంటారు నాయనా" అన్నాను.