దెబ్బ తాకని గౌరవ్వ

ఎల్లారెడ్డిలో ఒక రైస్‌మిల్లు. అందులో గౌరవ్వ ఇరవై రెండేండ్లుగా ఊడుస్తోంది. పనిచోట ప్రమాదాలు ఎట్లా ఆపాలో పరిశోధన చేస్తున్న నిహారిక కామారెడ్డి నుంచి బస్సులో వచ్చి, ముందుగా ఆమెనే అడిగింది.

"అవ్వా, ఇక్కడ నీకెప్పుడన్న దెబ్బ తాకిందా?"

"ఒక్కటి గూడ తాకలే బిడ్డా."

గౌరవ్వ ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంది.

"మరి ఈ వేలు?"

"గది దెబ్బెట్లయితది? బెల్టు కాడ చెయ్యి నేనే పెట్టిన. నాదే తప్పు."

నిహారిక ప్రశ్న మార్చింది. "పోనీ, తాకబోయి తప్పిపోయినవి ఉన్నయా?"

గౌరవ్వ చీపురు గోడకానించింది. "గట్ల అడుగు మరి!"

మిషను బెల్టు ఆమె చీరకొంగులు మూడింటిని గుంజుకుంది. తవుడు మీద జారి హమాలీ సాయిలు నాలుగుసార్లు పడ్డాడు, ఒకసారి బస్తాతో సహా. ఆమె చూపిస్తూ నడుస్తుంటే, నిహారిక సుద్దముక్కతో ఆ చోటల్లా గుర్తు పెట్టింది. కాసేపటికి మిల్లంతా ముగ్గేసినట్టయింది.

అది చూసి యజమాని బాలకృష్ణ ఉరికొచ్చాడు.

"మా మిల్లుల ఇంతవరకు ఒక్క ప్రమాదం కాలేదు మేడం! ఈ బెల్టు ఎంత సాఫీగ తిరుగుతదో చూడుండ్రి," అని వంగి చూపించాడు.

భుజం మీది కండువా సర్రున బెల్టులోకి పోయింది. గౌరవ్వ ఒక్క దుంకు దుంకి స్విచ్చు ఆపింది. మనిషి దక్కాడు, కండువా పేలికలై బయటికొచ్చింది.

"గిది గూడ రాసుకో బిడ్డా," అన్నది గౌరవ్వ. "సేటుకు దెబ్బ తాకలే."

వారంలోపే బెల్టుకు ఇనుప జాలి బిగించారు. అందరూ సంబరపడితే గౌరవ్వ మాత్రం మూతి ముడిచింది.

"లోపటి దుమ్ము ఎట్ల ఊడ్వాలె? రేపు నేనే దీన్ని పీకి అవతల పడేస్త."

జాలి చూడటానికి మళ్లీ వచ్చిన నిహారికకు నవ్వు రాలేదు. పీకి మూలకు పెట్టిన జాలీలు చాలా మిల్లుల్లో చూసింది. వెంటనే ఆ జాలి బిగించిన వెల్డింగ్ యేసుబాబును మళ్లీ పిలిపించి, జాలికి తలుపు పెట్టమంది. మిషను ఆగితేనే అది తెరుచుకోవాలి.

గౌరవ్వ అతని నెత్తిమీదే నిలబడింది. "ఇంకింత వెడల్పు! చీపురు పట్టాలె."

"నువ్వేమన్న ఇంజినీరువా అవ్వా?" అని విసుక్కున్నాడు యేసుబాబు.

"కాదు. ఇంజినీరు ఎన్నడన్న ఈడ ఊడ్చిండా?"

యేసుబాబు టేపు తీసి మళ్లీ కొలిచాడు.