పొత్రం కాని రాయి

ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెమ్మని, దాని గురించి పెద్దవాళ్లు చెప్పే కథ అడిగి రమ్మని పిల్లలకు చెప్పిన పాపానికి, నన్ను అనుమానించని మనిషి మా బడి చుట్టుపక్కల లేకుండా పోయాడు. ఇందులో నేను చేసిన నేరమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను రామగిరి వైపు ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెబుతాను. పుట్టిందీ పెరిగిందీ గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లో. మా నాయనది బాయి పని, అంటే భూమి లోపలి గనిలో బొగ్గు పని. ఇక మా ఎనిమిదో తరగతి పిల్లల సంగతి. ఢిల్లీలో ఏ సుల్తాను తర్వాత ఏ సుల్తాను గద్దెనెక్కాడో గడగడా అప్పజెబుతారు. మీది ఏ ఊరు అంటే మాత్రం "కాలనీ, టీచర్" అంటారు. కాలనీకి ముందు ఏ ఊరు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసేసి, మన ఊళ్ల వస్తువులతో మనమే బడిలో ప్రదర్శన పెడదామన్నాను.

మర్నాడు వస్తువులు రాలేదు. తల్లిదండ్రులు వచ్చారు. గేటు దగ్గర గుంపుగా నిలబడి, ఇది ఏం సర్వే, ఎవరు చేయమన్నారు, ఏ ఊరి వంతు వచ్చింది అని అడిగారు. ఓపెన్ కాస్ట్ అంటే భూమిని పైనుంచి విప్పుకుంటూ పోయే గని. అది జరిగే కొద్దీ ఊళ్లు లేస్తాయి, అంటే జనాన్ని ఖాళీ చేయిస్తారు. ఇల్లు ఎన్నేళ్లది, తాత ఎక్కడివాడు అని ఎవరైనా అడిగారంటే, ఆ తర్వాత వచ్చేది గోడ మీద ఎర్ర రంగు నంబరే అని ఇక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఇది సర్వే కాదు, చదువు అని నేను ఎంత చెప్పినా తలలు ఊపారే గాని ఒక్కరూ నమ్మలేదు. చదువుకు మా ఇంటి చాటలెందుకు అని ఒకాయన సణుక్కుంటూ పోయాడు.

దాంతో సగం మంది పిల్లలు మా ఇంట్లో పాతవేమీ లేవని చేతులు ఊపుకుంటూ వచ్చారు. మిగిలిన సగం మంది అవసరానికి మించి తెచ్చారు. నంబరు పడితే పడనీ, పరిహారం ఇచ్చేటప్పుడు తాము పాత కాపులమని రుజువు ఉండాలని వాళ్ల లెక్క. పొయ్యికి పెట్టుకున్న మూడు రాళ్లు అంటుకుంటేనే ఈ నేలలో బొగ్గుందని తెలిసిందనే కథ గోదావరి ఒడ్డున ప్రతి ఊళ్లోనూ చెబుతారు. ఆ పొయ్యి పెట్టిన ముత్తాత నా క్లాసులో బెంచికొకడు తేలాడు. నిన్న కొన్న ఇత్తడి చెంబుకు మసి పూసి తెచ్చి కాకతీయుల కాలం నాటిదన్నాడు ఒకడు. నా చెవుల్లో పూలు కనబడుతున్నాయా అని వాడి చెవి మెలిపెట్టాను. అయినా మంచివి కూడా కొన్ని వచ్చాయి. మెకానిక్ కూతురు వాళ్ల అమ్మమ్మ, నానీ, తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్ తెచ్చింది. ఇంకో పిల్ల ఆకు అచ్చు పడ్డ నల్లరాయి తెచ్చి, అది సీతమ్మ అన్నం తిన్న విస్తరి అని చెప్పింది. నేను మా నాయన బాయిలో దిగేటప్పుడు వేసుకునే నంబరు ఇత్తడి బిళ్ళ తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఆ తర్వాత ఒక పొద్దున ఇంకెవరూ రాకముందే, మా బడికి పిల్లలొచ్చే రెండు కాలనీల్లో ఒకటైన రోడ్డు కాలనీ నుంచి ఒక పిల్ల సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెనక సీటుకు పాత చీర పీలికలతో ఏదో కట్టి ఉంది. విప్పుదామంటే దాని వల్ల కాలేదు. నేనొక పక్క, అదొక పక్క పట్టి దించాం. నల్లని గుండ్రాయి. ఒక మొన నున్నగా ఉంది, రెండోది గరుకుగా ఉంది. మా అవ్వ పొత్రం టీచర్, అంది పిల్ల. రోట్లో పిండి రుబ్బే పొత్రం నేను చూడనిదా? పొత్రానికి ఏ సందులోనూ పసుపు ఉండదు. ఈ రాయి గీతల్లో పసుపు గట్టిపడి ఉంది.

కథేమిటి అని అడిగాను. దీన్ని నేల మీద పెడితే ఊరు అక్కడే నిలిచిపోతుందట. అందుకని అవ్వ దీన్ని ఎప్పుడూ కింద పెట్టదట, బియ్యం డ్రమ్ములో పెడుతుందట. ఆ కథే అట్ట ముక్క మీద రాసుకొచ్చింది. వస్తువు పేరు పొత్రం అని రాసింది. ఎవరిది అన్నచోట మాత్రం ఊరిది అని ఉంది.

"మీ అవ్వది గాదా?" అన్నాను.

"నేను గట్లనే రాస్తనన్న టీచర్. అవ్వనే వద్దన్నది. ఊరిదని రాయమన్నది."

రామగిరి కోట మీద గుప్తనిధుల కోసం రాత్రులు తవ్విపోయే వాళ్ల గురించి ఇక్కడ అందరికీ తెలుసు. ఏ గుళ్లోనిదో, ఏ గుట్ట మీదిదో ఎత్తుకొచ్చి పిల్ల చేతికిచ్చి పంపారా? ఇంకో సంగతి కూడా తేడాగా తోచింది. మేమిద్దరం ఆపసోపాలు పడి దించిన రాయిని ఆ పిల్ల ఒక్కతే సైకిలు మీదికి ఎట్లా ఎక్కించింది? వాళ్లమ్మా నాయనా కొత్తగూడెంలో కాంట్రాక్టు పనికి పోయారు. ఇంట్లో ఉండేది అవ్వా, మనవరాలూ. అంటే మనవరాలితో కలిసి ఎత్తి కట్టింది అవ్వే.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. అవ్వ గడప మీద కూర్చుని చింతగింజలు ఏరుతోంది. రాయి ఎక్కడిది అవ్వా అంటే పొత్రమంది. పసుపెందుకుంది అంటే పండుగకు అంటిందంది. రోలేది అంటే పగిలిందంది. అడిగినదానికి అడిగినట్టు జవాబు, ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నేను లేచి వస్తుంటే మాత్రం ఆమే అడిగింది.

"బీరువల పెట్టి తాళమేస్తవా బిడ్డా, అందరు జూసేటట్టు పెడ్తవా?"

అందరూ చూసేటట్టే పెడతానన్నాను. గుట్ట కాలనీ వాళ్లు కూడా వస్తారా అంది. వస్తారన్నాను. ఆమె మళ్లీ చింతగింజల్లో పడింది. దొంగసొత్తు దాచిన మనిషి నలుగురిలో పెట్టమంటుందా? దారి పొడుగునా ఇదే ఆలోచించాను గాని తెగలేదు. ఆమె మీద అనుమానం పోలేదు సరిగదా, ఇంకాస్త పెరిగింది.

ప్రదర్శన రోజు రెండు కాలనీల వాళ్లూ వచ్చారు. పిల్లల మీద ప్రేమతో కాదు, టీచరమ్మ ఏం రాసుకుంటుందో చూద్దామని. రోడ్డు కాలనీ వాళ్లు కిటికీల వైపు, గుట్ట కాలనీ వాళ్లు తలుపు వైపు నిలబడ్డారు. ఒకప్పుడు వీళ్లందరిదీ ఒకే ఊరు. ఈ పిల్లలు చంకలో ఉన్నప్పుడు ఊరు ఓపెన్ కాస్టులో కలిసింది, జనం రెండు కాలనీలుగా పడ్డారు. ఇప్పుడు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారని తెలుసు గాని, ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజే తెలిసింది.

గుట్ట కాలనీ పెద్దమనిషి ఒకాయన పాన్‌దాన్ చూశాడు, ఆకు రాయి చూశాడు, మా నాయన బిళ్ళ తిప్పి తిప్పి చూశాడు. పొత్రం దగ్గరికొచ్చి ఆగాడు. కాళ్ల చెప్పులు విడిచాడు. అది చూసి కిటికీ దగ్గరి ముసలివాళ్లు కూడా వచ్చారు.

"గిది మన బొడ్రాయి," అన్నాడాయన.

ఊరు కట్టేటప్పుడు నడిమధ్యన పాతి, ఊరంతా నీళ్లు పోసి మొక్కే రాయి. ఎన్ని ఇళ్లున్నా, ఎన్ని వీధులున్నా బొడ్రాయి లేకపోతే అది ఊరు కాదంటారు ఇక్కడ. ఊరు లేచే ముందు దాన్ని తీసి కొత్త చోట ప్రతిష్ఠ చేద్దామని తవ్వితే గుంత ఉంది, రాయి లేదు. మీరు ఎత్తుకెళ్లారంటే మీరు ఎత్తుకెళ్లారని రెండు కాలనీలూ విడిపోయాయి. అసలుది ఎక్కడో ఉండగా కొత్తది పెట్టరాదని రెండుచోట్లా బొడ్రాయి లేదు, పండుగ లేదు. ఆడబిడ్డలను పిలిచి చీర పెట్టింది లేదు. దొంగ ఎవరో తేలితే ఆ ఇంటికి నిప్పూ నీళ్లూ బంద్ చేయాలని, ఆ ఇంట్లో పీనుగు లేస్తే భుజం పట్టరాదని రెండు కాలనీలూ వేరువేరుగా ఒట్టు పెట్టుకున్నాయి. వాళ్లు కలిసి తీసుకోకుండానే ఒక్కటిగా తీసుకున్న తీర్మానం అదొక్కటే.

ఇదంతా ఆ పెద్దమనిషి నా మొహం మీదే చెప్పాడు. అవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగు నోట్లో పెట్టుకుంది. పిల్ల నా చెయ్యి పట్టుకుని, తెచ్చింది నేనే అని చెప్పబోయింది. దాని వేళ్లు నొప్పెట్టేలా నొక్కాను. మిగతా ప్రతి వస్తువు అట్ట ముక్క మీదా ఎవరిది అన్నచోట తెచ్చినవాళ్ల పేరు ఉంది. దీనికొక్కదానికే లేదు. అవ్వ ఎందుకు వద్దందో అప్పుడు అర్థమైంది.

"ఎవలింట్లకెళ్లి వచ్చింది?" అన్నాడాయన.

చెప్పనన్నాను. రోడ్డు కాలనీ వాళ్లు అడిగారు. వాళ్లకూ చెప్పనన్నాను. "చెప్పకుంటే నువ్వే దొంగవైతవ్ టీచరమ్మా," అని ఎవరో వెనక నుంచి అన్నారు. నాకు కోపం నషాళానికెక్కింది. "గట్లనే అనుకోండ్రి," అన్నాను.

వాళ్లు నిజంగా గట్లనే అనుకున్నారు! మా నాయన బాయిలో పనిచేశాడు కాబట్టి గని లోపలి దారులు నాకు తెలుసట. తవ్వినప్పుడు దొరికితే ఆయన ఇంటికి తెచ్చి ఉంటాడట, బిళ్ళే సాక్ష్యమట. మా నాయన రిటైరైన తర్వాతే అక్కడ ఓపెన్ కాస్టు పడిందన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి మాటల్లేని రెండు కాలనీల పెద్దలు బడి వరండాలో పక్కపక్కనే కూర్చుని, నా గురించి చెవులు కొరుక్కున్నారు.

రెండో రోజు అవ్వ దగ్గరికి పోయి తలుపు వేశాను. ఇప్పుడైనా చెప్పు అన్నాను.

"నా చెల్లె గుట్ట కాలనీల పడ్డది, నేను గీడ పడ్డ," అంది అవ్వ. "బొడ్రాయి ఎవలు తీస్కపోయినా ఇంకో దిక్కోళ్లు ఊరు లేనోళ్లయితరు బిడ్డా. గందుకే దాసిన. నెల దినాలు కొట్లాడి, అలిసి, ఒక్కటైతరనుకున్న. గప్పుడు ఇద్దామనుకున్న. ఇగ వాళ్లు దొంగ దొంగ అనవట్టె. ఎట్ల ఇస్త? చెల్లె మనుమరాలి పెండ్లికి నన్ను పిలువలే."

మరి బడికెందుకు పంపావు అన్నాను.

"రెండు కాలనీల పోరగాండ్లు ఒక్క కాడ కూసునే జాగ ఇంకేమున్నది? నువ్వేమో పాతయి తెమ్మంటివి."

నేను పాఠం చెబుతున్నాననుకున్నాను. ఆ ముసల్ది నా పాఠాన్ని బండి చేసి, తన బరువు అందులో వేసి పంపింది. కోపం రావాలి, రాలేదు. ఆమె ఇన్నేళ్లూ బియ్యం తీసుకున్న ప్రతిసారీ ఆ రాయిని ముట్టుకుని ఉంటుందని తోచింది.

రాయిని బడి నుంచి కదపడానికి ఇటువాళ్లు అటువాళ్లను నమ్మలేదు. స్టోర్ రూములో పెట్టి కాలనీకొక తాళం వేశారు. బండిలో ఎక్కిస్తే బండి ఎటు తిరుగుతుందో అని, మోస్తే భుజం ఎవరిదో అని పంచాయితీ. చివరికి అనుమానమే దారి చూపింది. ఎటూ పోనీయకుండా ఉండాలంటే ఇక్కడే పాతాలి. బడి గోడ పక్కన, రెండు కాలనీలకూ మధ్యన ఉన్న ఖాళీ జాగాలో బొడ్రాయి ప్రతిష్ఠ పెట్టుకున్నారు.

ఆ రోజు పొలిమేర కట్టేస్తారు. ఊరివాళ్లు బయటికి పోరాదు, పరాయివాళ్లు లోపల ఉండరాదు. నేను పరాయిదాన్ని గనుక బస్సుకు పోతానని బ్యాగు తీసుకున్నాను. గుట్ట కాలనీ పెద్దమనిషి అడ్డం వచ్చాడు. ఈమెను పోనియ్యొద్దు, కనబడేటట్టు ఉంచండి, ఇంకేం ఎత్తుకపోతదో అన్నాడు. రోడ్డు కాలనీ వాళ్లు కూడా అవునవునన్నారు. అట్లా నేను ఊరి లోపలే ఉండిపోయాను.

రాయిని గుంతలో దించారు. ఆడవాళ్లు బిందెలతో వరుస కట్టారు. గుట్ట కాలనీ నుంచి అవ్వ చెల్లెలు వచ్చి అక్క వెనక నిలబడింది. నిండు బిందె అవ్వ చేతుల్లోంచి జారబోతుంటే అడుగున నేను చెయ్యి వేసి పట్టాను. అప్పుడు చెల్లెలు అడిగింది, ఇన్నేండ్లు దీన్ని ఎవలు దాసిండ్రంటవ్ అక్కా అని.

అవ్వ వెనక్కి తిరగలేదు.

"ఇంకెవలు, గీ టీచరమ్మనే. మొకం జూస్తే తెలుస్తలేదా?"

వరుసంతా నా వైపు చూసింది. నా ఒళ్లు భగ్గుమంది. నోరు తెరవబోయాను. బిందె కింద అవ్వ వేళ్లు నా చేతిని వెతుక్కుని పట్టుకున్నాయి. గట్టిగా, వదలకుండా.

"అవునవ్వా, నేనే," అన్నాను.

ఇద్దరం కలిసి బిందె వంచాం.