ఇరుసు మీద పెద్ద సాహెబ్ కుర్చీ

ఫసలీ 1352లో, అంటే ఇంగ్లీషు లెక్కన నలభై మూడు ఎండాకాలంలో, నన్ను పంజాగుట్టలోని సర్కారీ బళ్ల కార్ఖానాకు మెకానికల్ ఓవర్‌సీర్‌గా వేశారు. ఓవర్‌సీర్ అంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన. పని చెడితే ఇద్దరూ వేలు చూపించడానికి అనువుగా ఉండే జాగా అది. పంజాగుట్ట అప్పట్లో ఊరు కాదు, ఊరి బయట. బండరాళ్లు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ నవాబుల తోటబంగళాలు. అమీర్‌పేట వైపు నుంచి ఒక టాంగా వస్తే ఎవరొచ్చారా అని పని ఆపి చూసేవాళ్లం.

నాకు అప్పగించిన మొదటి పని ఒక ట్రైలర్‌కు కొత్త కమాన్లు ఎంపిక చేయడం. లారీ వెనక తగిలించుకుని లాక్కుపోయే రెండు చక్రాల ట్రైలర్ అది. దాని మీద రెండు వందల గ్యాలన్ల ఇనుప టాంకీ ఉండేది. నల్లాలు రాని అమీర్‌పేట సర్కారీ క్వార్టర్లకు తాగేనీళ్లు ఆ టాంకీబండే మోసేది. కమాన్ అంటే చక్రానికీ బండికీ నడుమ ఉండే ఉక్కుపట్టీల కట్ట. పెద్ద పట్టీ పైన, దానికంటే పొట్టివి ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగిస్తారు. ఖాళీ బండి మీద కమాన్ విల్లులా వంగి ఉండాలి. నిండు బరువు పడ్డప్పుడు ఆ వంపు దాదాపు తీసిపోవాలి గానీ, కట్ట ఎదురుదిక్కుకు వంగకూడదు. వంగిందా, నాలుగు గుంతలు దాటేసరికి పెద్ద పట్టీ విరుగుతుంది.

ఈ బండికి అప్పటికే రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ తప్పు డ్రైవర్ యాదగిరిదే అని రాశారు. మూడోసారి విరిగితే కొలువు నుంచి తీసేస్తామని కాగితం చేతికిచ్చారు. యాదగిరికి నలుగురు పిల్లలు. కార్ఖానా వెనక ఒంటిగది క్వార్టరే ఇల్లు. కొలువు పోతే గది కూడా పోతుంది. యుద్ధం వల్ల పెట్రోలు కరువై లారీలు బొగ్గు గ్యాసుతో నడుస్తున్న రోజులవి. పొద్దున్నే లేచి లారీ వెనక బొగ్గుపొయ్యి అంటించి, గంటసేపు విసురుకుని, అప్పుడు ఇంజను లేపాలి. అంత చేసినా ఆ లారీ ఎడ్లబండిని దాటి పోలేదు. అటువంటి బండిని దురుసుగా తోలి కమాన్లు విరిచాడని ఒక మనిషి మీద రాయడానికి చేయి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, సామాను రావడం ఆగిపోయింది కాబట్టి మా ముందు రెండే జతలు ఉన్నాయి. ఒకటి, పాత రెండు జతల్లాగే నగరంలోని కొలిమిలో కొట్టించినది. ఏడేసి పట్టీలు, నల్లరంగు, చూడ్డానికి పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. రెండోది తుక్కుకు పోయిన ఒక ఇంగ్లీషు లారీది. తొమ్మిదేసి పట్టీలు, ఒళ్లంతా తుప్పు. తట్టి చూస్తే ఉక్కు మాత్రం గట్టిదని చెవికే తెలుస్తోంది. నేను తుప్పుజత వేద్దామన్నాను. మా సూపరింటెండెంటును అందరూ పెద్ద సాహెబ్ అనేవారు. మనిషి మంచివాడే. దేహం భారీ, మర్యాద అంతకంటే భారీ. సర్కారు బండికి తుప్పు కమాన్లేమిటని ఆయన ఉర్దూలో చాలా నెమ్మదిగా మందలించి, బరువు పరీక్ష చేసి రంగుజతనే ఖాయం చేయమన్నారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పరీక్షకు బరువు కావాలి. టాంకీ రివెట్లు కారుతున్నాయని నీటి విభాగం వాళ్లు దాన్ని ఊడదీసి తమ యార్డుకు పట్టుకుపోయారు. బండి బాగుందని సర్టిఫికెట్ ఇస్తే గానీ టాంకీ ఇవ్వమన్నారు. టాంకీ ఎక్కించి చూస్తే గానీ సర్టిఫికెట్ ఇవ్వలేమని మేము రాశాం. రాళ్లు వేద్దామా అంటే కార్ఖానా గోడ అవతల కొండంత రాళ్లు ఉన్నాయి. కానీ గోడ అవతలి రాయి రెవెన్యూ వారిది, ఎత్తడానికి పర్మిట్ కావాలి. దానికీ అర్జీ పెట్టాం. ఇసుక నింపుదామంటే గోనెసంచులన్నీ యుద్ధానికి పోయాయి. చివరికి పెద్ద సాహెబ్‌కే ఆలోచన తట్టింది. మనిషికి పర్మిట్ అక్కర్లేదు కదా! నిండు టాంకీ పద్దెనిమిది మంది మనుషులెత్తు అని నేను లెక్క కట్టాను. మరునాడు పద్దెనిమిది మంది సిబ్బంది బండెక్కాలని హుకుం జారీ అయింది.

బండి మీద జంపఖానా పరిచారు. లారీకి తగిలించే ముందుకొక్కేన్ని ఒక చెక్కదిమ్మె మీద ఆనించాం. పెద్ద సాహెబ్ కుర్చీ అన్నిటికంటే ముందు వేశారు. ఆయన పక్కన పాన్‌దాన్. ఆ వెనక ఇద్దరు అధికారులు, వాళ్ల వెనక పేష్కార్ నర్సింగరావు. పేష్కార్ అంటే పెద్ద సాహెబ్ దగ్గర కాగితాలన్నీ చూసే పెద్ద గుమస్తా. తర్వాత చిన్న గుమస్తాలు, చివరికి చప్రాసీలు. ఎవరికి వారు పైవాడికి దగ్గరగా కూర్చోవాలని ముందుకు జరిగారు. దాంతో బండి వెనక మూడోవంతు ఖాళీగా మిగిలింది. అధికారులంతా పుష్టిగా ఉన్నవాళ్లు, చప్రాసీలు ఎండుపుల్లలు. నేను బండి కిందికి దూరి దారం పట్టుకుని వంపు కొలిచాను. ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు వేళ్లున్న వంపు ఇంకా రెండు వేళ్లు మిగిలే ఉంది. కాగితం మీద చూస్తే బ్రహ్మాండమైన కమాన్లు.

బయటికి వచ్చి చూస్తే చెక్కదిమ్మె నేలలోకి దిగబడి ఉంది. రెండు చక్రాల బండి ఏదైనా ఎడ్లబండి లాంటిదే. బస్తాలన్నీ ముందుకు వేస్తే బరువు ఇరుసు మీద కాదు, ఎడ్ల మెడ మీద పడుతుంది. ఇక్కడ ఎడ్లు లేవు, దిమ్మె ఉంది. పెద్ద సాహెబ్ బరువు చాలామటుకు ఆ దిమ్మే మోస్తోంది, కమాన్లకు ఆయన సంగతే తెలియదు. ఈ మాట వినయంగా విన్నవించాను. ఆయన దిమ్మెను చూసి, ఇంత నాసిరకం కర్ర ఎవరు తెచ్చారని అడిగి, ఇంకా పెద్ద దిమ్మె వేయించమన్నారు. కుర్చీని ఇరుసు మీదికి, అంటే బండి నడుముకు జరిపితే చాలునని మళ్లీ చెప్పబోయాను. పేష్కార్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఓవర్‌సీర్ సాబ్, పెద్ద సాహెబ్ నడుమకొస్తే ముంగట ఎవరు కూసుంటరు? చప్రాసీ కూసుంటడా?"

నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఏమనగలను? ఆ దర్బారు పద్ధతి పేష్కార్ పుట్టకముందు నుంచీ ఉంది. నా లెక్క నిన్నటిది.

సర్టిఫికెట్ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నేను దస్కత్ చేయడమే మిగిలింది. ఆ మధ్యాహ్నం యాదగిరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ పొయ్యి పొగ గురించి సణిగే మనిషి ఆ రోజు పొయ్యి ఊసెత్తకుండా తలపాగా సవరించుకున్నాడు.

"సాబ్, గీ కమాన్లు మంచియని మీరు దస్కత్ చేస్తరు. రేపు ఇరిగినయనుకోండ్రి, కమాన్లు మంచియే, ఇరగ్గొట్టింది యాదగిరి అంటరు. బండి నడిపినోడు కాక ఇంకెవడు దొరుకుతడు సాబ్?"

అతను అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. దస్కత్ చేయకపోతే నా మీద మెమో వస్తుంది, నా జాగాలో ఇంకో ఓవర్‌సీర్ వచ్చి చేస్తాడు. చేస్తే నలుగురు పిల్లలు రోడ్డున పడతారు. రెండు రోజులు కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ గడిపాను. మూడోనాడు పేష్కార్ గది గోడ మీద ఉన్న ఒక ఫోటో కంటబడింది. ఎవరో అధికారి బదిలీ అయి వెళ్తుంటే తీయించుకున్నది. పెద్దాయన వరసకు సరిగ్గా నడుమ కుర్చీలో ఉన్నాడు. ఆయనకు అటూ ఇటూ చిన్న అధికారులు, వెనక నిలబడి గుమస్తాలు, కాళ్ల దగ్గర నేల మీద చప్రాసీలు. అది చూసి నేను ఒక్కణ్ణే పైకి నవ్వేశాను. దర్బారులో పెద్దవాడి చోటు ముందు. ఫోటోలో పెద్దవాడి చోటు నడుమ!

వెంటనే పెద్ద సాహెబ్ దగ్గరికి వెళ్లి, ఇంతటి పరీక్షకు సాక్ష్యంగా మిసిల్‌లో ఒక ఫోటో ఉంటే శోభగా ఉంటుందని మనవి చేశాను. మిసిల్ అంటే ఫైలు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆబిడ్స్ నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించమన్నారు. నేను స్వయంగా వెళ్లి మాట్లాడుకుని, కెమెరా ముక్కాలి స్టాండును బండి పక్కన, చక్రానికి సరిగ్గా ఎదురుగా పెట్టాలని మాత్రం గట్టిగా చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. చక్రం బాగా పడాలని ఓవర్‌సీర్‌కు ముచ్చట అనుకుని ఉంటాడు.

ఫోటో రోజున కార్ఖానా పెళ్లివారి విడిదిలా ఉంది. ఇస్త్రీ షేర్వానీలు, తలలకు దస్తార్లు, అత్తరు. సెలవులో ఉన్నవాళ్లు కూడా ఊడిపడ్డారు. బండి మీదికి మాత్రం నేను మొదటి పద్దెనిమిది మందినే ఎక్కనిచ్చాను. మిగతావాళ్లు నేల మీద నిలబడి నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ, పరీక్ష అంటే పరీక్షే. ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్ద సాహెబ్ కుర్చీని పేష్కారే తన చేతులతో తెచ్చి సరిగ్గా ఇరుసు పైన వేశాడు. ఒక బెత్తెడు పక్కకు ఉందని ఫోటోగ్రాఫర్ అంటే మళ్లీ సర్దాడు. అధికారులు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. గుమస్తాలు, చప్రాసీలు సమానంగా సర్దుకున్నారు. నేను ఏ రోజూ అంత చక్కగా బరువు పేర్చిన బండిని చూడలేదు. కొత్త దిమ్మె మీద ముందుకొక్కెం పిట్ట వాలినట్టు తేలిగ్గా ఆనింది.

కమాన్ల వంపు నా కళ్ల ముందే తీసిపోయింది. చదునైంది. తర్వాత నడుమ పైకి ఉబ్బి ఎదురు వంగింది.

ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కిందికి దూరి, తాను చెప్పేదాకా ఎవరూ కదలకూడదని, రెప్ప కూడా వేయకూడదని ఆజ్ఞాపించాడు. గాలికి గుడ్డ ఎగిరిపోతుంటే యాదగిరి వచ్చి దాని అంచు పట్టుకున్నాడు. అప్పుడు టప్పుమని ఎడమవైపు పెద్ద పట్టీ విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగింది. పాన్‌దాన్ జారి కింద పడింది. పద్దెనిమిది మందిలో ఒక్కరూ కదల్లేదు! పెద్ద సాహెబ్ కదల్లేదు కాబట్టి అధికారులు కదల్లేదు, అధికారులు కదల్లేదు కాబట్టి గుమస్తాలు కదల్లేదు. అందరూ ఏటవాలుగా, గంభీరంగా, కెమెరా వైపే చూస్తూ ఉండిపోయారు. ఫోటోగ్రాఫర్ కూడా తన పనిలో నిక్కచ్చి మనిషి. మూత తీశాడు, లెక్కపెట్టాడు, మూత పెట్టాడు, సలాం చేశాడు. అప్పుడు పెద్ద సాహెబ్ లేచారు.

ఆయన దిగి కమాన్‌ను చూశారు. పేష్కార్‌కు అలవాటు ఎక్కడికి పోతుంది?

"డ్రైవర్ ఏడి? ఏడున్నడు గా యాదగిరి?"

యాదగిరి నల్లగుడ్డ అంచు వదలకుండానే "గీడనే ఉన్న సాబ్" అన్నాడు. లారీ దూరాన షెడ్డులో ఉంది. దాని పొయ్యిలో ఆ రోజు బొగ్గు కూడా వేయలేదు. పేష్కార్ లారీని చూశాడు, యాదగిరిని చూశాడు, వంగి కింద పడ్డ పాన్‌దాన్ తీశాడు. పెద్ద సాహెబ్ గడ్డం నిమురుకుని, ఇదివరకు విరిగినవి కూడా ఇటువంటివేనా అని నన్ను అడిగారు. అదే కొలిమివి, అవే ఏడేసి పట్టీలవి అన్నాను. ఆయన మర్యాద తెలిసిన మనిషని మొదటే చెప్పాను. యాదగిరి మీద రాసిన రెండు కాగితాలూ తెప్పించి, అక్కడే నిలబడి, రద్దు అని రాసి దస్కత్ చేశారు. నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయాను.

రిపోర్టు రాయడం మాత్రం పేష్కార్‌కు ప్రాణం మీదికి వచ్చింది. డ్రైవర్ తప్పని రాయలేడు. పెద్ద సాహెబ్ బరువుకు విరిగిందని అసలే రాయలేడు. చివరికి ఇనుము స్వభావం వల్ల విరిగిందని రాశాడు. ఇకమీదట ట్రైలర్ల మీద గ్రూపు ఫోటోలు దిగరాదని ఒక ఉత్తర్వు కూడా జతచేశాడు.

తుప్పుజతను విప్పించి, పట్టీ పట్టీ గీకించి, గ్రీజు రాయించి ఎక్కించాను. పరీక్ష రోజున అధికారులందరికీ ఎక్కడెక్కడో పనులు తగిలాయి. కార్ఖానా పనివాళ్లే ఎక్కి, ఇరుసుకు అటూ ఇటూ సమంగా కూర్చున్నారు. వంపు ఒక వేలు మిగిలింది. నేను దస్కత్ చేశాను, టాంకీ వచ్చింది. రాళ్లు ఎత్తడానికి రెవెన్యూ పర్మిట్ కూడా వచ్చింది గానీ, ఆ వేళకు యాదగిరి అమీర్‌పేటకు నీళ్లు తోలుతున్నాడు. నేను అక్కడ ఉన్నంతకాలం ఆ కమాన్లు విరగలేదు, ఆ ఒంటిగది ఖాళీ కాలేదు.

ఫోటో ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. పద్దెనిమిది మందీ ఒరిగి ఉన్నారు. అడుగున నేల మీద, చేయెత్తి గుడ్డ పట్టుకున్న ఒక మనిషి నీడ పడింది. బండి నడిపినవాడు ఆ రోజు ఎక్కడున్నాడో చెప్పడానికి అది చాలు.

తర్వాత చాలా ఏళ్లు చాలా బళ్లకు కమాన్లు ఎంపిక చేశాను. ఎక్కడికి పోయినా బరువు ఎంత అని అడిగే ముందు, అది ఎక్కడ కూర్చుంటుంది అని అడిగాను. హోదాను బట్టి బరువుకు ఒక చోటు ఉంటుంది, ఇరుసును బట్టి ఇంకో చోటు ఉంటుంది. కమాన్‌కు తెలిసేది రెండోది ఒక్కటే.