ఇద్దరు డాక్టర్లు, నడుమ నేనొక దుబాసీ

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరిని కదిపినా ప్లాట్ల మాటే. సాగర్ రోడ్డు పొడవునా కందిచేలల్లో తెల్లరాళ్ళు మొలిచాయి. చాయ్ హోటల్లో పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఉన్నట్టుండి జేబులోంచి వెంచరు కాగితం తీసి పరిచేవాడు. ఊరంతా అలా పైపైకి పోతున్న కాలంలో నాకు దొరికింది బస్సు డిపో వెనక ఉన్న ట్రస్టు దవాఖానలో చిట్టీలు రాసే ఉద్యోగం. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీలో ఇంకా ఒక సబ్జెక్టు మిగిలి ఉంది (ఆ సంగతి దవాఖానలో ఎవరికీ చెప్పలేదు). వచ్చినవాళ్ళ పేరు, వయసు, ఊరు రాసి, నంబరు వేసి డాక్టరు దగ్గరికి పంపడమే నా పని. అయినా నేను లేకపోతే ఆ దవాఖాన ఒక్క పూట కూడా నడవదని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం కలిగించింది ఆ ఎండాకాలం కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లు. ఒకాయన గోదావరి జిల్లా మనిషి. పాలు తాగే పిల్లలను కూడా "నోరు తెరవండి" అనేవాడు కనుక రెండో రోజుకే జనం ఆయనకు 'అండి సారు' అని పేరు పెట్టేశారు. రెండో ఆవిడ అసలు నోరు విప్పేది కాదు. నాడి చూసి, కళ్ళు చూసి, మందు రాసి చేతిలో పెట్టేది. ఆవిడకు 'పలకని డాక్టరమ్మ' అని పేరు పెట్టింది నేనే.

మొదటి రోజే ఒక పెద్దమనిషి అండి సారు ముందు కూర్చుని, "పెయ్యంత కాలుతుంది సారూ, కూసుంటె కూసోనిస్తలేదు" అన్నాడు. సారు ఎంతో మర్యాదగా, "పెయ్యకైతే పశువుల డాక్టరు గారికి చూపించాలండి" అన్నాడు. "నేనేమన్న పశువునా సారూ" అని ఆ పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు. నేను పరుగెత్తి, "సార్, మా దిక్కు పెయ్యి అంటే ఒళ్ళు. జరమొచ్చిందంటున్నడు" అని ఇద్దరినీ కూర్చోబెట్టాను. "సమయానికి వచ్చారండి, మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణో" అన్నాడు సారు. ఆ ఒక్క మాటకు నేను మరునాటి నుంచి జడ వేసుకునే తీరే మార్చుకున్నాను.

దుబాసీతనం నాకు తొందరగా తలకెక్కింది. మనుషులు రోగం ఒక్కటే చెప్పరు కదా. అల్లుడు పొలం అమ్మిన సంగతి, బర్రె ఈనిన సంగతి అన్నీ కలిపి చెబుతారు. వాటన్నిటినీ దులిపేసి "కడుపునొప్పి సార్" అని ఒక్క ముక్కలో తేల్చేదాన్ని. వరుస చకచకా కదిలేది. పలకని డాక్టరమ్మ మాత్రం నేను తలుపు దగ్గరికి వెళితే వద్దని చెయ్యి ఊపి, ఆ అల్లుడి కథా బర్రె కథా కూడా మొత్తం వినేది. నాకు ఒళ్ళు మండింది. "ఆమెకు మన మాట సమజ్ కాదు, అండి సారు దగ్గరికే పోండ్రి" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పాను. నెల తిరిగేసరికి ఆవిడ గది ముందు బల్ల ఖాళీ అయింది.

అలాంటప్పుడే మా అమ్మ మోకాళ్ళ నొప్పులని వచ్చింది. వరుసను పక్కకు జరిపి (అదొక దర్పం) ముందు ఆమెనే అండి సారు దగ్గరికి తీసుకుపోయాను. "మోకాళ్ళు గుంజుతున్నయ్ సారూ. పానం సుస్తుగుంటది. ఊకె దూపైతది, బిందెడు నీళ్ళు తాగినా పోదు. ఒంటికి పోయి పోయి యాష్టకొస్తుంది" అంది అమ్మ. అందరిముందూ ఆ ఒంటికి పోయే సంగతి ఎందుకని నాకు తల కొట్టేసినట్టయింది. "మోకాళ్ళ నొప్పి సార్" అన్నాను. "ఇంకేదో అన్నారండి, ధూపం అన్నట్టున్నారు" అన్నాడాయన. దూప అంటే దాహం అని చెప్పడానికి ఎంతసేపు? ఎండాకాలం ఎవరికి దాహం కాదులే అనుకుని, "పూజ సంగతి సార్" అన్నాను. ఆయన మోకాళ్ళకు మందు రాశాడు.

అమ్మ బయటికొచ్చి కుండ దగ్గర నిలబడి గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతోంది. ఎదుటి గదిలోంచి పలకని డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"ఎన్ని దినాల సంది దూపైతుందమ్మా?"

ఆవిడ నోట నేను విన్న మొదటి నిండు వాక్యం అదే. అచ్చం మా మాట.

"నెల దాటింది బిడ్డా."

"చిక్కినవా?"

"రైకలన్ని వదులైనయ్."

ఆవిడ అక్కడికక్కడే రక్తం తీయించింది. చక్కెర ఎంత ఉందో చూసి పరీక్ష చేసినాయన రెండోసారి చేశాడు. అమ్మను పడుకోబెట్టి సెలైను పెట్టారు. ఇంకో వారం ఆగితే స్పృహ తప్పేదట. అండి సారు చిట్టీ చూసి, "నేను మళ్ళీ అడగాల్సిందండి" అని తనను తానే అనుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

మరునాడు ధైర్యం చేసి, "మీది ఏ ఊరు మేడం?" అని అడిగాను. ఆవిడ వచ్చిన నెలకు, నాకు అడగాలని తోచింది.

"నల్లగొండ దిక్కు. మా అవ్వ గిట్లనే దూప దూప అనుకుంట పోయింది. ఎండలకేమో అనుకున్నం అందరం."

కాసేపటికి నేను, "మీ దగ్గరికి పోవద్దని జనానికి చెప్పింది నేనే మేడం" అన్నాను.

"ఎరుకే" అందావిడ, అమ్మ చేతికున్న సూది సరిచేస్తూ. "రేపటి సంది జర ఇటు గూడ పంపు. ఖాళీగ కూసుంటె నిద్రొస్తుంది."

ఆ తరవాత నేను ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పేదాన్ని. బర్రె ఈనిన సంగతి విని విని అండి సారు, "మరీ ఇంత వివరంగా వద్దేమోనండి" అని బతిమాలేవాడు. రెండేళ్ళకు ఇద్దరూ పై చదువులకు వెళ్ళిపోయారు. మా అమ్మ తన సూది తానే వేసుకుంటూ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. నా పూజ సంగతి మాత్రం ఆమెకు చివరిదాకా చెప్పలేదు. "మా బిడ్డ దవాఖానల ఉండబట్టి నేను బతికిన" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. నేను తల వంచుకుని చాయ్ పోయడానికి లేచేదాన్ని.

ఇప్పుడు ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యలో అందుకోబోయి ఆగుతాను (ప్రతిసారీ కాదు, మా ఆయనను అడగండి). ఆ కౌంటరు వెనక కూర్చున్న పిల్ల గుర్తొస్తే ఒకప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, కొత్త జడ వేసుకుని, ఊళ్ళో అందరి మాటా తనకే తెలుసనుకుంది, ఇంట్లో అమ్మ మాట తప్ప.