రేడియో గది అనూరాధ

విమానాశ్రయంలో రేడియోల బాగోగులు చూసే అనూరాధ రోజూ పొద్దున్నే మైకు బటను నొక్కి, "ఎలా వినబడుతోంది?" అని టవరును అడుగుతుంది. వాళ్లు అంకెతో జవాబిస్తారు. అయిదంటే స్పష్టంగా ఉన్నట్టు, ఒకటంటే ముక్క అర్థం కానట్టు. తర్వాత వాళ్ల మాటకి ఆవిడ అంకె చెప్పాలి. కాస్త గరగర ఉన్నా నాలుగే అంటుంది. "అయిదనీసెయ్యమ్మా, విమానం వచ్చే వేళయింది" అని పైఅధికారి విసుక్కుంటే, "మీరెక్కుతారేటి సార్ అందులో?" అని అడుగుతుంది.

భావనపాడులో చేపలమ్మే తల్లి గురమ్మకీ ఈ లెక్క పట్టుబడింది. ఆవిడ కేకేస్తే మూడు వీధుల్లో తలుపులు తెరుచుకునేవి. ఫోన్లో "ఎంతే?" అని తల్లి అడిగితే, "అయిదు దాటీసినావమ్మా, సెవులు పోతన్నాయి" అని కూతురు నవ్వేది. ఆ గొంతులోనే క్యాన్సర్ పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యడమే దారి అన్నారు డాక్టర్లు. "అంతా దేవుడు సూసుకుంటాడు" అన్న బంధువులను అనూరాధ ఆసుపత్రి వరండాలోనే కూర్చోబెట్టింది. ఆపరేషన్ గదికి తీసుకెళ్లబోతుండగా గురమ్మ కూతురిని దగ్గరికి లాక్కుని పెదవులు కదిపింది. చెవికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. అయినా తల్లి అడిగిందేమిటో అనూరాధకు తెలుసు.

"అయిదే అమ్మా" అంది.

గురమ్మ కాదన్నట్టు తలూపి, ఒక్క వేలు ఎత్తి చూపించింది.