మొదటి బిందె నీళ్లు

2023 వానాకాలం. చిత్తూరులో పల్లెల తాగునీళ్లు పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో అప్పటికి తొమ్మిదేళ్లుగా కెమిస్టుగా పనిచేస్తున్నాను. రెండు గదులు, ఒక ఇంక్యుబేటర్, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమనే ఇన్వర్టర్, గోడ పొడవునా సీసాలు. బయటివాళ్లకు మా పని తేలిగ్గా కనిపిస్తుంది. సీసాలో నీళ్లు తెస్తారు, మంచివో చెడ్డవో చెబుతారు, అంతే కదా అంటారు. నేనూ చాలా ఏళ్లు అంతే అనుకున్నాను.

పూతలపట్టు దాటి, పెద్ద రోడ్డు దిగి లోపలికి వెళితే ఒక ఊరు ఉంది. పేరు రాయను. ఒక బోరు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, నాలుగు వీధుల పైపులైను. పొద్దున ఆరున్నరకు వాల్వు తిప్పితే గంటసేపు నీళ్లు వస్తాయి. ఆ ఊరి అంగన్‌వాడీలో ఒకే వారంలో తొమ్మిదిమంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పాపను తిరుపతి తీసుకువెళ్లి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నీళ్లు చూసి రమ్మని మా సారు నన్ను పంపారు.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ట్యాంకు దగ్గర ఒక సీసా, లైను చివర ఉన్న అంగన్‌వాడీ కొళాయి దగ్గర ఒక సీసా. పట్టే ముందు కొళాయిని ఐదు నిమిషాలు వదిలేయాలి. మూతిని స్పిరిట్‌తో తుడవాలి. ఆ తరువాతే క్రిములు లేకుండా చేసి తెచ్చిన సీసాలో పట్టాలి. అలా అయితేనే లైనులోని అసలు నీళ్లు దొరుకుతాయని మాకు నేర్పారు. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చింది. అంటే నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఇంకా మిగిలి ఉందని అర్థం. ఊరికి నీళ్లు వదిలే సుబ్రమణ్యం నా భుజం మీదుగా తొంగిచూసి, "సూసినారా మేడమ్, మన నీళ్లకేమి, పాల మాదిరి ఉండాయి" అన్నాడు. నీళ్లు పాల మాదిరి ఉంటే అప్పుడే అనుమానించాలయ్యా అని నవ్వాను. ల్యాబ్ పరీక్షలో కూడా అంతా బాగానే వచ్చింది. తాగడానికి యోగ్యం అని రాసి, సంతకం పెట్టి పంపేశాను.

నీళ్లు మంచివని తేలాక ఇక మిగిలింది తిండి, ఆ తిండి వండిన చేయి. అక్కడ వండేదీ, నీళ్లు పట్టేదీ ఆయా మునెమ్మ. పద్నాలుగేళ్లుగా అక్కడే పని. విచారణ అయ్యేదాకా రావద్దని ఆమెకు చెప్పేశారు. చేతులు కడుక్కోదని కొందరు, పాచిపోయిన పప్పు పెట్టిందని కొందరు అన్నారు. అంతకుముందు ఎవరూ పైకి అనని మాటలు కూడా బయటికొచ్చాయి. ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. నా దృష్టిలో ఆ ఫైలు మూసేసిన ఫైలు.

పది రోజుల తరువాత మునెమ్మ మా ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. యాభై దాటిన సన్నటి మనిషి. చేతిలో కూల్‌డ్రింకు సీసా, దాని నిండా నీళ్లు.

"మేడమ్, ఈటిని ఒకసారి సూడండి" అంది.

"ఇట్లాంటి సీసాలో తెస్తే చేయకూడదమ్మా. ముందు దాంట్లో ఏముండేదో నాకేం తెలుసు?" అన్నాను. బల్ల నిండా శాంపిళ్లు ఉన్నాయి. చిరాకు దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాదు.

"మీరు రాసిన కాయితం సూసే నన్ను రావద్దన్నారు మేడమ్. నీళ్లు బాగుండాయంట. నా సేతులే బాగలేవంట."

"నేను నీళ్ల సంగతే రాశాను. నీ గురించి ఒక్క ముక్క రాయలేదే."

"రాయకపోయినా తగిలింది నాకే గదా."

ఆమె గుమ్మం దాటకుండానే మళ్లీ అంది. "మీరు వచ్చిన దినం నేను ఆడనే ఉండాను. అంతసేపు నీళ్లు పారబోసి, ఆనక సీసాలో పట్టుకున్నారు. ఆ నీళ్లు నేను పిల్లోళ్లకు ఎప్పుడూ పోయలేదు మేడమ్. మా ఊర్లో మొదటి బిందే తాగేదానికి. తానం సేసుకోని, ఇంకెవురూ కొళాయి ముట్టకముందే పట్టి మూత పెడతాను. ఎనకాల వచ్చే నీళ్లు గిన్నెలు కడిగేదానికి."

చూస్తాలే అని పంపించేశాను. ఆమె సీసా గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లింది. రూలు ప్రకారం అది శాంపిల్ కాదు కాబట్టి సింకులో పారబోశాను. పారబోసిన క్షణం నుంచి మనసు కుదురుగా లేదు. ఒక శాంపిల్‌కు వేయాల్సిన మందు ఇంకోదానికి వేశాను. అన్నం తింటున్నా ఆమె మాటలే చెవిలో పడుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది అంగన్‌వాడీ ముందున్న గుంత. లైను చివర ప్రెషరు ఉండదు. అందుకని ఇంటి ముందు మోకాటి లోతు గుంత తవ్వి, కొళాయి పీకేసి, పైపు మూతిని గుంతలోకి దించుకుంటారు. పల్లానికి కాబట్టి నీళ్లు బాగా వస్తాయి. మా జిల్లాలో ఇలాంటి గుంతలు ఎన్ని చూశానో లెక్కలేదు. చూసి చూసి నా కళ్లు వాటిని చూడడం మానేశాయి. వాల్వు కట్టేశాక లైనులో మిగిలిన నీళ్లు పల్లపు ఇళ్లవైపు జారిపోతాయి. ఖాళీ అయిన పైపు అప్పుడు వెనక్కి పీలుస్తుంది. మూతి గుంత నీళ్లలో మునిగి ఉంటే ఆ మురికినే పీలుస్తుంది. మర్నాడు పొద్దున ముందుగా వచ్చేది అదే. ఐదు నిమిషాలు వదిలేస్తే కొట్టుకుపోతుంది. పారబోసిన ఆ ఐదు నిమిషాల్లోనే నేను వెతకాల్సింది ఉందని అనిపించింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సెక్కాను. నన్ను చూసి సుబ్రమణ్యం కంగారుపడ్డాడు.

"ఏం మేడమ్, సెప్పకుండా వచ్చినారు? ఒక మాట సెప్పుంటే గుంత ఎత్తిపోసి పెట్టుండనా?"

"పోయినసారి ఎత్తిపోశావా?"

"పెద్దోళ్లు వస్తారంటే ఊరికే ఉంటామా? ఎత్తిపోసి, సుట్టూ బ్లీచింగ్ కూడా సల్లినాను."

అతని మీద కోపం రాలేదు. అతిథి వస్తే ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చాడు. కోపమంతా నా మీదే. ఇప్పుడు గుంత నిండా వాననీళ్లు, పక్క కాలువ నుంచి ఊరిన బురద, మధ్యలో మునిగిపోయిన పైపు మూతి.

మునెమ్మను పిలిపించాను. రోజూ ఎట్లా పడతావో అట్లాగే పట్టు అన్నాను. తడి జుట్టు ముడేసుకుని వచ్చింది. మూతిని పైకెత్తి, చేత్తో రుద్ది, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. సుబ్రమణ్యం వాల్వు తిప్పాడు. పైపు దగ్గినట్టు గాలి వదిలి, తరువాత నీళ్లు వచ్చాయి. కంటికి తేటగానే ఉన్నాయి. మొదటి ధార నా సీసాలో పట్టాను. ఐదు నిమిషాలాగి ఇంకో సీసా పట్టాను. అక్కడే క్లోరోస్కోప్ తీశాను. రెండో సీసా నీళ్లు పసుపు తిరిగాయి. మొదటి సీసా నీళ్లు ఎంతసేపు చూసినా రంగు మారలేదు.

ల్యాబ్‌కు తిరిగొచ్చి రెండింటినీ హెచ్‌టూఎస్ సీసాల్లో పోశాను. మలంతో వచ్చే క్రిములుంటే ఆ నీళ్లు నల్లబడతాయి. ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. వేడి పోతుందని తెలిసినా ఇంక్యుబేటర్ తలుపు తీయకుండా ఉండలేకపోయాను. "అది కోడి కాదమ్మా, పొదిగిందో లేదో చూడ్డానికి" అన్నారు సారు. నల్లబడితే మునెమ్మ బయటపడుతుంది, నా రిపోర్టు తప్పవుతుంది. నల్లబడకపోతే నేను బయటపడతాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు కొంతసేపు నల్లబడకూడదనే కోరుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు పదకొండు గంటలకు మొదటి సీసా తారులా ఉంది. రెండోది అలాగే ఉంది.

సారు చూసి, "కొత్త రిపోర్టు పంపించెయ్. పాతది అట్లే ఉండనీ" అన్నారు.

"అట్లయితే ఈ మధ్య వానలకు చెడినాయంటారు సార్. పిల్లలకు జబ్బు చేసినప్పుడు నీళ్లు బాగున్నాయనే అంటారు. ఆమెను రానివ్వరు."

"మరేం చేస్తావు?"

"మొదటిసారి నేను పట్టిన నీళ్లు పిల్లలు తాగే నీళ్లు కావని రాస్తాను."

ఆయన పాత రిపోర్టు తీసి చదివారు. తరువాత, "రాస్తే నీ సంతకంతోనే రాయాల" అన్నారు. రాశాను. మొదటి రిపోర్టు అలా ఎందుకిచ్చావని పైనుంచి మెమో వచ్చింది, దానికీ జవాబు రాశాను. గుంత పూడ్చారు. కొళాయి నేల మీదికి తెచ్చి, ఆ వీధికి ముందుగా నీళ్లు వదలడం మొదలుపెట్టారు. మునెమ్మను మళ్లీ పనికి రమ్మన్నారు. ఇద్దరు తల్లులు మాత్రం ఆ ఏడాదంతా పిల్లలకు ఇంటి నుంచే అన్నం కట్టి పంపారు.

ఉత్తరం కాపీ ఇవ్వడానికి నేనే వెళ్లాను. మునెమ్మకు చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపించాను.

"అయితే నా తప్పు లేదని ఉండాదా?"

"ఉంది. తప్పు నాదని ఉంది."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అరుగు మీద కూలబడింది.

"మరి పిల్లోళ్లకు వచ్చింది నేను పట్టిన బిందెతోనే గదా మేడమ్? నా సేత్తోనే పోసినాను గదా?"

లేదని అబద్ధం చెప్పలేకపోయాను.

"తానం సేసి మరీ పట్టినాను మేడమ్" అంది. అన్ని మాటలు పడ్డ రోజుల్లో ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నా చేతిలోని కాగితం ఆమెకు ఉద్యోగం ఇచ్చింది కానీ ఆ మాటకు జవాబు ఇవ్వలేకపోయింది.

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా రెండు సీసాలు పడతాను. ఒకటి పుస్తకం చెప్పినట్టు, ఒకటి ఆ ఇంటి ఆడవాళ్లు చెప్పినట్టు. సీసా మూత తీసే ముందు, "తాగేదానికి ఏ నీళ్లు పడతారు?" అని అడుగుతాను. మొదటిసారి వెళ్లిన రోజు కూడా మునెమ్మ ఖాళీ బిందె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. అడగడానికి ఒక నిమిషం కూడా పట్టేది కాదు.