సన్మానం ఫ్లెక్సీ మీద ఫోన్ నంబర్లు

ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చేవారికి మా సేవా సంఘం మధ్యాహ్నం భోజనం పెడుతుంది. వడ్డించేవాళ్లను గౌరవించుకుందామని మా అధ్యక్షుడు మొన్న సిరిసిల్ల బస్టాండ్ ఎదుట ఫ్లెక్సీ కట్టించాడు. అందరి ఫొటోలు, కింద పేర్లు, సంఘంలో చేరేటప్పుడు అవసరానికని రాయించుకున్న ఫోన్ నంబర్లు. నేనూ చూసి బాగుందన్నాను.

ఈ రోజు పొద్దున తంగళ్ళపల్లి నుంచి వడ్డించడానికి వచ్చే షాహీన్ తన గుర్తింపు కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇక రానంది.

“గౌరవంగనే పెట్టించిన గదమ్మా, నలుగురు మెచ్చుకుంటరని,” అన్నాడు అధ్యక్షుడు.

“మెచ్చుకుంటున్నరు సార్, ముక్కు మొహం తెల్వనోళ్లు గూడ. దుబాయ్ నుంచి మా ఆయన చేస్తె ఫోన్ ఎప్పుడు బిజీ అస్తుందట. ఎవలతోని మాట్లాడుతున్నవని అడిగిండు. నేను నంబర్ మీకిచ్చిన, బస్టాండుకు ఇయ్యలె.”

మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ దింపించాం. వడ్డన దగ్గర భోజనానికి వచ్చినవాళ్లలో ముగ్గురు ఆమె ఏదని అడిగారు. సాయంత్రం క్షమాపణ చెబుదామని ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. సిమ్ మార్చేసిందట. కొత్త నంబర్ మాకివ్వలేదు.

మీరైతే ఇచ్చేవారా?